ఎదురింటి ఆపా, ఆమె ఫెర్రెట్

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకరగా ఉంటాయి. ఐదో తరగతితో బడి మానేశాను. మన్నించి చదవండి. మా ఎదురింటి ఆపా సోమవారం చనిపోయింది. బౌషర్‌లో వంటకు వెళ్ళిన ఇంట్లోనే గుండె ఆగిపోయిందట. ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. కడిగి పొయ్యి మీద పెట్టాను. ఏడుపు ఇంకా రాలేదు.

ఆపాది కడప, మనలాగే బతుకుతెరువుకు ఈ అరబ్బు దేశం వచ్చింది. ఆమె చేతి ఖీమా తిన్న మీకందరికీ ఆమె తెలుసు. ఆమె పెంచిన ఫెర్రెట్ సంగతి చాలామందికి తెలియదు. ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆమె వంట చేసే ఒక ఇంటివాళ్ళు ఈ దేశం వదిలి వెళ్తూ ఆమెకు ఇచ్చిపోయారు.

ఈ ఎండాకాలం అది నీళ్ళు మరీ ఎక్కువ తాగుతోందని ఆపానే కనిపెట్టింది. అజైబాలో జంతువుల డాక్టరు రక్తం, మూత్రం పరీక్ష చేశాడు. కిడ్నీ జబ్బు మొదలవుతూ ఉండొచ్చు, ఇప్పుడే ఖాయంగా చెప్పలేను, కొన్ని వారాలాగి మళ్ళీ పరీక్షిద్దాం అన్నాడు.

మా మామగారికి కిడ్నీ జబ్బు వచ్చినప్పుడు మాంసం మాన్పించారు. అది గుర్తుండి నేను పెరుగన్నం, బార్లీ నీళ్ళు పట్టుకెళ్ళాను. ఆపా మూత తీసి చూసి నవ్వింది. “మీ మామ పథ్యం దీనికెందుకు తెస్తివి బేటీ? మాంసమే దీని అన్నం. అది మానిపిస్తే జబ్బు కన్నా ముందు ఆకలే చంపుతాది.” ఆ పెరుగన్నం తనే తినేసింది. ఊరగాయ తేలేదని తిట్టింది కూడా.

దాని కోసం మాంసంతో చేసి అమ్మే ఎండు మేత తడిపి పెట్టేది. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచేది కాదు. శుక్రవారం నమాజయ్యాక పిండి తూచే త్రాసులో కూర్చోబెట్టి బరువు చూసేది. ఎండకు మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కాగినట్టు వస్తాయి కదా, ఇంట్లోని గీజర్ ఆపేసి, అందులో చల్లారిన నీళ్ళే దాని గిన్నెలో పోసేది. నేను దిగులుపడితే, “డాక్టరు ఉండొచ్చు అన్నాడు, ఉంది అనలేదు” అనేది.

సామాను కోసం ఆపా తమ్ముడు వచ్చాడు. ఫెర్రెట్‌ను జంతువుల దుకాణంలో ఇచ్చేస్తానన్నాడు. పరాయి మగవాళ్ళతో నేను మాట్లాడను, మీకు తెలుసు. ఆ రోజు తలుపు సందులోంచి, “దానికి ఇంకో పరీక్ష ఉంది, అన్నా. మా ఇంట్లో ఉండనీ” అన్నాను. ఆయన పంజరం మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు.

 మా ఆయన రుసైల్‌లో డ్యూటీ లేని రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. ఈసారి డాక్టరు ఏం చెబుతాడో తెలియదు.

చదివాక ఈ కాగితం కాల్చేయండి. ఈ బిల్డింగులో జంతువులు ఉండకూడదట. అది ఇప్పుడు నా ఒళ్ళో ఆపా పాత చున్నీలో పడుకుని ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా తల ఎత్తి, తలుపు వైపు వాసన చూస్తోంది.