అన్నకిచ్చిన మందు, ఆయనకిచ్చిన మందు

మా ఆయనకు పేగులో గడ్డ తీయాలన్నప్పుడు నాకు ఆపరేషన్ కంటే ఆ తర్వాత వచ్చే నొప్పి గురించే ఎక్కువ భయమైంది. గోదావరిఖనిలో భూగర్భ గనిలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. పొట్ట కోశాక నొప్పికి దగ్గలేకపోతే కఫం లోపలే పేరుకుని నిమోనియా వస్తుందని మత్తు డాక్టరమ్మ ముందే చెప్పింది.

"నొప్పి తగ్గించే గట్టి ఇంజెక్షన్లు ఎక్కువ ఇస్తే ఆయన శ్వాస మందగిస్తుందమ్మా. అందుకే పొట్టకు రెండు వైపులా, నరాల దగ్గర మొద్దుబార్చే మందు ఎక్కిస్తాను" అంది.

అంతకుముందు మా అన్నకు హెర్నియా ఆపరేషన్‌లో అలాంటి సూదే వేశారు. తెల్లారేదాకా నొప్పి తెలియలేదని ఇప్పటికీ చెబుతాడు. మందు పేరు కూడా గుర్తుపెట్టుకున్నాడు. నన్ను పక్కకు పిలిచి, "చెల్లె, బావకు గూడ గదే మందు ఇయ్యమను. మొహమాటపడకు" అన్నాడు.

అడిగాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"అదీ మంచి మందే. కానీ పొరపాటున రక్తంలోకి ఎక్కువగా వెళ్తే గుండెను గట్టిగా దెబ్బతీస్తుంది. మీ ఆయన గుండె ఇప్పటికే అప్పుడప్పుడు లయ తప్పుతోంది. నేనిచ్చేదానితో ఆ భయం తక్కువ. నొప్పి తగ్గించడంలో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఒక్కోసారి దీని మత్తు కాస్త ముందే దిగిపోవచ్చు, అంతే."

ఆ చివరి మాటే నా చెవుల్లో ఉండిపోయింది. థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ, ముందే దిగిపోతే ఎట్లా అన్నదే ఆలోచన. అన్న టీ తెచ్చిస్తే చేతిలోనే చల్లారిపోయింది.

ఆపరేషన్ అయింది. వార్డులో ఆయన కళ్లు తెరిచి పొట్ట మీద చేయి వేసుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"ఏందే ఇది? చెయ్యి పెడితె తెలుస్తలేదు. కాళ్లు గూడ పోయినయా?"

ఒకప్పుడు గనిలో పైకప్పు కూలి ఆయన తోటి కార్మికుడి వెన్ను విరిగింది. నడుము కింద ఏమీ తెలియట్లేదని ఏడుస్తున్న అతన్ని స్ట్రెచర్ మీద మోసినవాళ్లలో ఈయనా ఒకడు. నేను గబగబా దుప్పటి తీసి, "కాలి వేళ్లు కదిలియ్యి, చూద్దాం" అన్నాను. కదిలాయి. ఆయన వాటినే చూస్తూ పడుకున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

డాక్టరమ్మ వచ్చి, దిండు పొట్టకు అదుముకుని దగ్గమంది.

"కుట్లు తెగుతయేమో మేడం."

"తెగవు. దగ్గండి."

దగ్గాడు. నల్లటి కఫం పడింది.

"నొప్పి ఎలా ఉంది?"

"లోపల గుంజినట్టయితంది గని, కోసినట్టు లేదు."

ఆ తర్వాత ఆయన నొసలు ముడిపడినప్పుడల్లా నొప్పి వస్తోందా అని అడిగాను. చివరికి విసుక్కున్నాడు. "నువ్వు గిట్ల అడుగుతుంటె లేని నొప్పి గూడ వస్తది."

పొద్దుగూకే వేళకు నిజంగానే వచ్చింది. పళ్లు బిగబట్టి మంచం పట్టీ పట్టుకున్నాడు. అన్న నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. తప్పు చేశానా, ఇంకాస్త గట్టిగా అడగాల్సిందా అనుకుంటూ నర్సు దగ్గరికి పరుగెత్తాను. మత్తు దిగితే ఏమివ్వాలో డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచిందట. నర్సు సెలైన్‌లో మందు కలిపింది. నొప్పి పూర్తిగా పోలేదు, ఓర్చుకునేంతకు తగ్గింది. దగ్గడం మాత్రం మానలేదు.

మర్నాడు డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి ఆయన వీపు మీద చాలాసేపు విన్నది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"కఫం పేరుకోలేదు. గుండె కూడా కుదురుగానే ఉంది. లేపి నడిపించండి" అంది.

ఒక వైపు నేను, ఒక వైపు అన్న పట్టుకుంటే వరండా చివరిదాకా నడిచాడు.