గట్టు తెంపని వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడు. పొద్దున నేను చాయ్ తాగుతుంటే కోడలు ఫోను చేతిలో పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. "బాపు పోయిండు మామా" అంది. ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ముందురోజు పొద్దుగూకేదాకా మడి దగ్గర నాతోనే ఉన్న మనిషి.

ఏమైందో తర్వాత తెలిసింది. తెల్లవారగానే ఛాతీలో నొప్పి అనిపిస్తే ఎవరికీ చెప్పకుండా ఒక్కడే దవాఖానకు పోయాడట. అక్కడ చీటీ కోసం వరసలో నిలబడ్డాడు. వెనక పసిపిల్లను ఎత్తుకుని ఒకామె ఉందట. "నువ్వు ముందుకు పో అమ్మా" అని ఆమెను పంపి, తను పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

దశదినం నాడు విస్తళ్ల ముందు అందరిదీ అదే ముచ్చట. పోతూ పోతూ కూడా ఒకరికి దారి ఇచ్చి పోయాడట, దేవుడిలాంటి మనిషట. బతికున్నప్పుడు పండక్కి కూడా ఆయన ఇంటి గడప తొక్కనివాళ్లు సైతం తలలు ఊపారు. నేను ఊరుకోలేదు. "దేవుడు గాదు, పిచ్చోడు" అన్నాను. అన్నం కలిపే చేతులన్నీ ఆగిపోయాయి. నా కొడుకు నావైపు గుర్రుగా చూశాడు. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను.

ఈ నాలుగు ముక్కలు రాయమన్నది కోడలే. నాకు అక్షరాలు నిండుగా రావు, వచ్చినకాడికి రాస్తున్నాను. పొగడ్తలు కావాలనుకునేవాళ్లు ఆ విస్తళ్ల దగ్గరికి పోయి అడగండి.

మా వియ్యంకుడు బస్సు డ్రైవరు. వాళ్లది కందుకూరు దిక్కు. మీసాలు రాకముందే ఊరు విడిచి పట్నం పోయి, నౌకరీ అయిపోయేదాకా బస్సే నడిపాడు. ఆయన బిడ్డను నా కొడుక్కి చేసుకున్నాం. మగపిల్లవాడి తండ్రిని కాబట్టి ఆయన లెక్కలో నేను పెద్ద. వయసులో ఇద్దరం ఒక్కటే అయినా ఆయన నన్ను "మీరు" అనేవాడు, నేను "నువ్వు" అనేవాణ్ని. మా ఇంటికి వస్తే నేను కూర్చోమననిదే కూర్చునేవాడు కాదు. ఏం చేస్తాడో చూద్దామని ఒకసారి కూర్చోమని అననే లేదు. గోడకు ఆనుకుని నిలబడే చాయ్ తాగి, నిలబడే మాట్లాడి, నిలబడినవాడు నిలబడినట్టే వెళ్లిపోయాడు. ఇలాంటి మనిషిని చూస్తే జాలి వేయాలట. నాకు ఒళ్లు మండేది.

శంషాబాద్ నుంచి మహేశ్వరం పోయే దారిలో, కాస్త లోపలికి, ఒక ఆసామి తన చెలకను చిన్న చిన్న మడులు చేసి పట్నం వాళ్లకు కిరాయికి ఇస్తున్నాడు. గేటు మీద ఇంగ్లీషులో పేరు రాయించాడు. ఆదివారం అయితే కార్లు దిగుతాయి. నెత్తికి టోపీ, చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు. మట్టి అంటకుండా సేద్యం చేస్తారట! ఒక టమాట ఎర్రబడితే దాని చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి ఫోటో దిగుతారు. మరుసటి వారం రారు. ఆ టమాటను పురుగు తింటుంది. పురుగుకే నయం, దానికి ఆకలైనా ఉంది.

నా భూమి సగం రోడ్డు కింద, సగం ప్లాట్ల కింద పోయింది. నాగలి పట్టి బతికినవాణ్ని, నాలుగు మంచాలు పట్టే నేల కోసం ఇంకొకడి గేటు దాటి పోవాల్సిన గతి పట్టింది. అపార్టుమెంటులో వాచ్‌మన్‌తో రోజూ కొట్లాట పెట్టుకుంటున్నానని నా కొడుకే ఆ మడి పట్టించాడు. పక్క మడి మా వియ్యంకుడు తీసుకున్నాడు.

పార పట్టడం ఆయనకు రాదు. స్టీరింగు పట్టినట్టు పట్టేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. మడిలో అడుగు పెట్టే ముందు చెప్పులు విడిచేవాడు. "గుడికొచ్చినవా?" అంటే నవ్వేవాడు. బోరు నీళ్ల పైపు అందరికీ ఒక్కటే ఉండేది. తన వంతు వచ్చాక కూడా వెనక ఎవరైనా నిలబడితే పైపు వాళ్ల చేతిలో పెట్టేవాడు. "ఎనకొచ్చినోడు తొందరల ఉంటడు బావ, మనం నిమ్మళంగనే ఉన్నం గద" అనేవాడు. బస్సు నడిపిన నాటి మాట అది. ఆ టోపీలవాళ్లు థాంక్స్ అంకుల్ అని, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పట్టుకునేవాళ్లు.

అయితే ఒకటి చెప్పాలి. రోజూ ఒక ఫ్లాస్కులో చాయ్ తెచ్చేవాడు. గ్లాసులో నాకు పోసి, మూతలో తను పోసుకునేవాడు. ఆ గట్టు మీద కూర్చుని నేను ఆసామిని తిట్టేవాణ్ని, టోపీలవాళ్లను తిట్టేవాణ్ని, నా కొడుకును తిట్టేవాణ్ని. విమానం నెత్తి మీదికి వస్తే ఆగి, అది పోయాక ఆగిన చోటనే మళ్లీ ఎత్తుకునేవాణ్ని. ఎక్కడ ఆగానో నేను మరిచిపోతే ఆయన అందించేవాడు. నా మాట చివరిదాకా విన్న మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.

పోయిన ఏడు ఆయన భార్య కాలం చేసింది. ఆమెకు బీరకాయంటే ప్రాణం. బతికినన్నాళ్లూ కిరాయి ఇండ్లే. మెట్ల కింద పగిలిన బకెట్లో బీరపాదు పెట్టుకుంటే, ఇంటి ఓనరు గోడ పాడవుతుందని పీకి పారేశాడట. ఆ ముచ్చట చెప్పి ఆయన నాతో అన్నాడు: "బతికుండంగ ఒక్క పాదు పెట్టియ్యకపోతి బావ. మొదటి పెత్రమాసకు బజారుది పెట్ట. చేతితోని పండించిందే పెడత."

పెత్రమాస అంటే భాద్రపదం చివర వచ్చే పెద్దల అమావాస్య. ఇంట్లో పోయినవాళ్ల పేరు చెప్పి, చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇస్తాం. దానికోసమని ఆయన ఆషాఢంలో మడి నిండా బీర గింజలు పెట్టాడు. పందిరి వేశాడు. వంకరగా వేశాడనుకోండి. నేను విప్పి మళ్లీ వేశాను.

ఆ ఏడు కాలం కాలంలా లేదు. ఆషాఢమంతా చినుకు లేదు. తీగ పందిరి ఎక్కే వేళకు, శ్రావణంలో ముసురు పట్టింది. పట్టింది పట్టినట్టే ఉంది. ఎండ మొహం చూడలేదు. ఆకులు పసుపెక్కాయి. వంకాయ చెట్టు మీదనే కుళ్లింది. టోపీలవాళ్లలో ఒక్కడు రాలేదు. వాన పడితే సేద్యం ఉండదని వాళ్లకు ఎవరు చెప్పారో. ఇద్దరం ముసలివాళ్లం గొడుగులు పట్టుకుని వచ్చేవాళ్లం. తర్వాత నాకు జ్వరం వచ్చి కొన్నాళ్లు ఇల్లు కదల్లేదు.

జ్వరం దిగి నేను పోయేసరికి మా వియ్యంకుడు మోకాళ్లదాకా నీళ్లలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. బకెట్టుతో తన మడిలోని నీళ్లు ముంచుతున్నాడు. ఆ బకెట్టు మోసుకుంటూ నా మడి చుట్టూ తిరిగి పోయి, అవతలి కాలువలో పోస్తున్నాడు. మళ్లీ వచ్చి ముంచుతున్నాడు. పైనుంచి వాన మడిని మళ్లీ నింపుతూనే ఉంది.

ఆయన మడి ఎగువ, నాది దిగువ. నా మడికి కాలువలోకి దారి ఉంది. నడుమ ఉన్న గట్టుకు ఒక గండి కొడితే, ఆయన మడి నీళ్లన్నీ నా మడి మీదుగా కాలువలోకి పోతాయి. పసిపిల్లవాడికి కూడా తెలిసే సంగతి.

"ఏం చేస్తున్నవ్ బావా?"

"నీళ్లు తోడుతున్న."

"అది కనవడ్తనే ఉంది. గట్టు తెంపితే అవే పోతయి గద."

"తెంపితే మీ మడిలకొస్తయి. నీళ్లు నిలిచి మిర్ప చెట్లు జాలు పడ్తయి."

"పడనీ."

ఆయన బకెట్టు కింద పెట్టి, మొహం మీది నీళ్లు తుడుచుకుని, నాకు ఏదో తెలియని సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు: "ఆడపిల్లనిచ్చినోన్ని బావ. మీ మడిలకు నీళ్లెట్ల ఇడుస్త?"

నా బతుకులో చాలా తెలివితక్కువ మాటలు విన్నాను. పట్వారీల నోట విన్నాను, లీడర్ల నోట విన్నాను, నా కొడుకు నోట విన్నాను. ఇంత తెలివితక్కువది వినలేదు. కళ్ల ముందు బీరపాదులు మురుగుతున్నాయి. భార్యకు ఇచ్చిన మాట ఆ నీళ్లలో కుళ్లిపోతోంది. ఈయన మగపిల్లవాడి తండ్రికి మర్యాద చేస్తున్నాడు, అదీ నేను లేని చోట, మిరప చెట్లకు. ఈ మర్యాద కనిపెట్టినవాడు దొరికితే వాణ్ని ఆ బురదలో నిలబెట్టి అదే బకెట్టుతో తోడించాలి.

"నా ఇంటికి పిల్లనిచ్చినవ్, తప్పు చేసినవా? జరుగు" అన్నాను.

పార తీసుకుని గట్టు తెంపాను. ఆయన నా చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించేశాను. నీళ్లు గుడగుడమంటూ నా మడిలోకి దిగి, మిరప మొదళ్లను కోసుకుంటూ కాలువలో పడ్డాయి. నాలుగు రోజుల్లో మిరప చెట్లు తలలు వేలేశాయి. ఆయన రోజూ వచ్చి వాటి ముందు చావింటికి వచ్చినట్టు నిలబడేవాడు. ఇంకోసారి ఆ మిరప చెట్ల మాట ఎత్తితే బీరతీగ పీకేస్తానని బెదిరిస్తే గానీ ఆ బాధ తప్పలేదు.

బీరపాదులు అప్పటికే చాలావరకు వేరు కుళ్లి పోయాయి. గట్టు పక్కన మిట్ట మీద ఉన్న ఒక్క పాదు నిలిచింది. దానికీ పిందె పడలేదు. బీర పువ్వు పొద్దుగూకేవేళ విచ్చుకుంటుంది. ఆ ముసురులో పురుగూ పుట్రా ఏదీ తిరగలేదు. రోజూ సాయంత్రం ఆయన మగపువ్వు తెంపి, ఆడపువ్వుకు తాకించి, ఒక చేత్తో గొడుగు దాని మీద పట్టుకుని నిలబడేవాడు. తను తడిసేవాడు. "పువ్వుకు గొడుగా, నీకు బుద్ధుందా?" అని తిట్టాను. "పువ్వు సల్లగైతే పిందె నిల్వదేమో బావ" అన్నాడు. సేద్యంలో అలాంటి మాట ఎక్కడా లేదు. కానీ పిందె నిలిచింది.

పెత్రమాస పొద్దున మడి దగ్గర కాయలు తెంపాం. పొట్టివి, కొడవళ్లలా వంకరవి, ఒంటి నిండా గీతలు. ఆయనకు కొత్త భయం పట్టుకుంది. కాలం బాగా లేనప్పుడు బీర చేదెక్కుతుందని ఎవరో చెప్పారట. కొరికి చూద్దామంటే ఎంగిలి, పెద్దలకు పెట్టరాదు. ఒక కాయ చేతిలో తిప్పుతూ అలాగే నిలబడిపోయాడు. చిన్న కాయ ఒకటి లాక్కుని, ఆయన ముందే పచ్చిది నమిలి మింగాను.

"చేదు లేదు. ఇగ నడువు."

"నిజమేనా బావ?"

"అబద్ధమాడనీకి నేనేమన్న నీ అల్లున్నా?"

అంత గట్టిగా ఆయన నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. అల్లుడి మీది మాటకు నవ్వాడని సిగ్గుపడి మళ్లీ నోరు మూసుకున్నాడు.

వాళ్లింటికి పోయేసరికి ఆయన కొడుకు ఏదో పెద్ద దుకాణం నుంచి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి చాటలో పెట్టి ఉంచాడు. కడిగి, తుడిచి, ఒక్క కొలతకు కోసినట్టున్న కూరగాయలు. ఆ వంకర కాయలు చూసి, ఇవి అయ్యగారికి ఏం పెడతావు నాన్నా, ఇజ్జత్ పోతుంది అన్నాడు. నేను నోరు తెరవబోయాను. మా వియ్యంకుడు నా మోచేయి పట్టుకుని ఆపాడు. ఇక ఇదీ వదిలేస్తాడు, ఇక్కడా దారి ఇచ్చేస్తాడు అనుకున్నాను.

"జర ఆగు బిడ్డా" అన్నాడు. డబ్బా తీసి కింద పెట్టాడు. కాయలు ఒక్కొక్కటి తన పంచె కొంగుతో తుడిచి చాటలో పేర్చాడు. "మీ అమ్మ ఇవే తింటది" అన్నాడు. కొడుకు ఇంకేదో అనబోతే ఆయన తల ఎత్తి చూశాడు. వాడు వెనక్కి తగ్గాడు. అయ్యగారు పేరు అడిగితే, ఇన్నేండ్లలో "మా ఇంటామె" అనడం తప్ప ఎరగని మనిషి, భార్య పేరు వాకిట్లోకి వినిపించేలా పలికాడు. ఒక్కసారి అడిగితే రెండుసార్లు పలికాడు.

అది చేతనైన మనిషి తన ఛాతీ నొప్పి దగ్గర ఎందుకు చేయలేదు? "నాకు నొప్పి, జరుగుండ్రి" అనే నోరు ఎక్కడ పోయింది? ఇందుకే పిచ్చోడు అన్నాను. దేవుడు అన్నవాళ్లకు ఆయన లేకపోతే పోయేదేమీ లేదు. నాకు ఉంది.

ఈసారి పెత్రమాస ఆయనది. ఆయన పేరున నేను బియ్యం ఇయ్యొచ్చా అని అయ్యగారిని అడిగాను. వియ్యంకుడికి వియ్యంకుడు పెట్టే ఆచారం లేదు, మీకు అధికారం లేదు అన్నాడు. లేకపోతే లేకపాయె. కొడుకే ఇస్తాడు. పండించడానికి ఎవడి అధికారం కావాలి? మృగశిర కార్తె రాగానే ఆయన మడిలో నేనే బీర గింజలు పెట్టాను. నాడు ఆ చాట దగ్గర తండ్రి చూసిన చూపు కొడుక్కి గుర్తుంటే కాయలు తీసుకుంటాడు. గుర్తు లేకపోతే నేను చెబుతాను, నాకు నోరుంది.

మొన్న ఆదివారం ఒక టోపీ ఆయన వచ్చి, "అంకుల్, ఈ మడి ఖాళీ అయిందంట కదండీ, మేం తీసుకోవచ్చా?" అని అడిగాడు.

"ఖాళీ లేదు" అన్నాను.

"మరి ఆయన లేరన్నారు?"

"ఆయన లేడు. మడి ఖాళీ లేదు."

అతను పోయాక కిందికి వంగి చూశాను. ముందురోజు పడ్డ చినుకుకు నేల పగిలి బీర మొలిచింది. మెడలు వంచుకుని లేచాయి మొలకలు. నల్లటి గింజ తొక్క ఇంకా వాటి నెత్తుల మీద నుంచి దిగలేదు.