జవాబు కోసం వదిలిన జాగా

మా టీచరమ్మ పోయిందన్న కబురు నాకు యూనివర్సిటీ లైబ్రరీలో, పుస్తకాలిచ్చే కౌంటర్ దగ్గర తెలిసింది. ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న పుస్తకం ఎవరికివ్వాలో తోచక నిలబడిపోతే, ఎదురుగా ఉన్న ప్రొఫెసరుగారు "ఏమైందమ్మా?" అని అడిగారు. తార్నాకలో మా పక్క పోర్షనులో ఉండే పియానో టీచరమ్మ పోయిందని చెప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అయ్యో, ఆవిడా? అప్పుడు మన హాల్లో వాయిస్తూ మధ్యమధ్య మర్చిపోయింది, ఆవిడే కదూ?" అన్నారు.

మనిషి పోయిందంటే నోట్లోంచి ముందు రావాల్సిన మాట అదా? అరికాలి మంట నెత్తికెక్కింది. ఉద్యోగం కనుక అప్పుడు నోరు మూసుకుని, పుస్తకం మీద ముద్ర కొట్టి ఇచ్చాను. ఇప్పుడు మూసుకోను. ఆవిడ మర్చిపోలేదండీ. ఇది చదివేవారిలో ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు కూడా కొందరుంటారు. మీకే చెబుతున్నాను. ఆవిడ ఒక్క స్వరం కూడా మర్చిపోలేదు.

టీచరమ్మది జనగామ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. చిన్నప్పుడు సికింద్రాబాదు హాస్టల్లో పెట్టి చదివించారట. అక్కడి చర్చి పియానో మీద పడిన చెయ్యి ఇక వెనక్కి తియ్యలేదు. పెద్దయ్యాక ఒక స్కూల్లో పిల్లలకు పియానో నేర్పింది. దేశం విడిచి వెళ్ళిపోతున్న తెల్లదొరల కుటుంబం ఒకటి తమ పాత పియానో ఆవిడకు వదిలేసి వెళ్తే, అది ఎడ్లబండి మీద తార్నాక చేరింది. ఆ ఇంట్లో ముందు పోర్షన్లు రెండు, ఒకటి మాది, ఒకటి ఆవిడది. మధ్యన ఒకే గోడ. వెనక భాగంలో ఇంటావిడ.

ఎండకు కొయ్య పగులుతుందని పియానో కింద ఎప్పుడూ ఒక సత్తు బేసిన్‌లో నీళ్ళు పెట్టి ఉంచేది టీచరమ్మ. పియానో మీద ఎడమవైపు మెట్లు గట్టిగా నొక్కితే ఆ నీళ్ళు వణికేవి. పంపు దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకునే వీధి మాది. ఇంటావిడకు ఆ బేసిన్ చూస్తే ఒళ్ళు మంట.

"మనుషులకే నీళ్లు లెవ్వు. ఈ పెట్టెకు దూప అయితదా టీచరమ్మా?"

"అయితది పెద్దమ్మా. పొద్దంత పాడుతది గదా, గొంతెండదా?"

పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ఇంట్ల ఒక అత్త ఉన్నది, గా పియానో. ఇంకో అత్తను యాడ పెట్టాలె?" అనేది. గోళ్ళు ఎప్పుడూ పొట్టిగా కత్తిరించుకునేది. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా పేరు అడక్కముందే "మీ ఊళ్ల ఏం పాడుతరు?" అని అడిగేది. యూనివర్సిటీ వాళ్ళు ఈ ప్రశ్నకు తెగ ఇబ్బంది పడేవాళ్ళు. మా ఊళ్ళో ఏముందండీ, ఏమీ లేదండీ అని తప్పించుకునేవాళ్ళు. పాటలు లేని ఊరుంటుందా ఎక్కడైనా? ఇంటావిడ కూడా "మాకు పాటలేడివి, పనే ఆయె" అని మొహం తిప్పుకునేది.

ఒక వానాకాలం, రామంతాపూర్ చెరువు కింద నాట్లు పడుతున్నాయని తెలిసి టీచరమ్మ పొద్దున్నే బయల్దేరింది. తిరిగొచ్చేసరికి మోకాళ్ళ దాకా బురద. "మా అమ్మ పాడిన పాటనే చెల్లె! ఇంక ఉన్నది!" అని గుమ్మంలోంచే కేకేసింది. ఆ రోజంతా తప్పిపోయిన చంటిపిల్ల దొరికినంత సంబరం ఆవిడకు.

నాట్ల పాట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ముందు ఒకామె ఒక చరణం అంటుంది. వరుసలో నడుము వంచిన మిగిలిన ఆడవాళ్ళంతా "ఉయ్యాలో" అని అందుకుంటారు. వాళ్ళు అందుకుంటేనే ముందామె రెండో చరణం అంటుంది. ఆ పాటను తీసుకుని టీచరమ్మ పియానోకి ఒక చిన్న రచన చేసింది. పేరు "నాట్లు". స్టవ్ మీద చాయ్ మరిగేలోగా అయిపోతుంది. కుడిచెయ్యి చరణం అంటుంది. ఎడమచెయ్యి బురదలో వెనక్కి వెనక్కి అడుగేసినట్టు నడుస్తుంది. చరణం అయ్యాక రెండు చేతులూ మెట్ల మీది నుంచి లేస్తాయి. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఇంకో చరణం.

అది మొదటిసారి నాకు గోడ అవతలి నుంచి వినిపించినప్పుడు నేను వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. చరణం ఆగింది. నా నోరు ఊరుకోలేదు. "ఉయ్యాలో" అన్నాను. మాది కర్నూలు వైపు. మాకు వరి తక్కువ, శెనక్కాయ చేలల్లో కలుపు తీస్తూ పాడతారు. పాట ఏదైనా ఒకరంటే పక్కవాళ్ళు అందుకోకపోతే, "నోట్లో ఏం పెట్టుకున్నారే?" అని మా అమ్మ తిట్టేది. ఆ అలవాటు కొద్దీ అన్నాను. పియానో ఆగిపోయింది. మరుక్షణం టీచరమ్మ మా గుమ్మంలో ఉంది.

"మళ్ల అను! మళ్ల ఒక్కపారి అను చెల్లె!"

"ఏమన్నానక్కా? ఊరికే అన్నాను."

"గదే! గాడ గదే ఉండాలె. నేను జాగ ఇడిచిపెట్టిన, నువ్వొచ్చి కూసున్నవ్."

ఆ రోజే చెప్పింది, "పాటన్నంక జవాబుండాలె. జవాబు లేకపోతె అది పాట గాదు, ఒంటరి ఏడ్పు" అని. అప్పట్నుంచి సాయంత్రం పూట గోడకు అటు ఆవిడ, ఇటు నేను. ఇంటావిడ దొడ్లో గిన్నెలు తోముకుంటూ "ఇద్దరికిద్దరు పిచ్చోళ్లు దొరికిన్రు నాకు" అని సణిగేది.

క్యాంపస్‌లో జరిగే కళల కార్యక్రమంలో "నాట్లు" వాయించమని పిలుపొచ్చినప్పుడు ఆవిడ ముఖం చూడాలి. పెట్టెలోంచి పట్టుచీర తీసింది. "ముందే చెప్పరాదా అక్కా, ఫలానా చోట మీరంతా ఇలా అనాలి అని?" అన్నాను. నా మీద గయ్యిమంది. "పొలంల ఎవలన్న చెప్తరా? చెప్పి పలికించుకుంటె అది జవాబెట్లయితది? హాల్ల సగం మంది నాటేసిన ఇండ్లలకెల్లి వచ్చినోళ్లే. ఆగలేరు, నువ్వే చూడు."

చూశాను. కరపత్రంలో "నాట్లు" అన్న పేరు తీసేసి, ఆవిడను అడక్కుండానే "గ్రామీణ సౌందర్యం" అని అచ్చేశారు. బురదలో దిగి తెచ్చిన పాటకు సౌందర్యం అంటించారు తగుదునమ్మా అని. సరే, అదీ మింగాం.

మొదటి చరణం అయింది. చేతులు లేచాయి. హాలంతా చప్పుడు లేదు. వెనక వరుసలోంచి నేను "ఉయ్యాలో" అన్నాను, గట్టిగానే అన్నాను. ముందు కుర్చీలో కోటు పెద్దమనిషి గిర్రున తిరిగి "సైలెన్స్ ప్లీజ్!" అన్నాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగారు. రెండోసారి చేతులు లేచినప్పుడు మళ్ళీ అన్నాను. పక్కన కూర్చున్న లెక్చరర్ల భార్యలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారనుకున్నాను. కాదు, ఒకావిడ పెదవులు కొంగు చాటున కదిలాయి. కదిలాయి గానీ గొంతు మాత్రం బయటికి రానివ్వలేదు మహాతల్లి. ఆ తర్వాత ఎవరో దగ్గారు, ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరుసలో ఒకాయన జాలిపడి చప్పట్లు మొదలెట్టారు, ఇక చాలు, దిగిపో తల్లీ అన్నట్టు. అవి హాలంతా పాకాయి. పాట ఇంకా సగం ఉంది. ఆవిడ ఆ చప్పట్లలోనే చివరిదాకా వాయించి, లేచి, దండం పెట్టి దిగింది.

చాయ్, బిస్కట్ల దగ్గర రసికుల అభిప్రాయాలు విన్నాను. పాశ్చాత్య సంగీతం తెలిసినాయన, రచన పూర్తి కాలేదు, ఇంకా పని చెయ్యాలి అన్నారు. మన సంగీతం తెలిసినాయన, ఇంతకీ రాగం ఏమిటమ్మా అని అడిగి, జవాబు వినకుండా బిస్కట్ తీసుకున్నారు. జానపదం మీద ఉపన్యాసాలిచ్చే ఇంకొకాయన, పల్లె పాటను పియానో ఎక్కించి చంపేశారని బాధపడ్డారు. అయ్యా, పల్లె పాట మీద అంత ప్రేమ ఉంటే దానికి ఒక్క జవాబు చెప్పలేకపోయారా? నోరేమైంది? మిగిలినవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఒకటే మాట. "పాపం, మర్చిపోయింది."

రిక్షాలో ఇంటికొస్తూ నేను ఊగిపోతున్నాను. "వీళ్ళకు చెవులు లేవా అక్కా?"

"చెవులున్నయి. పాట గూడ తెలుసు. తెలుసన్న సంగతి పక్కోనికి తెలుస్తదని భయం."

"నీకు కోపం రాదా?"

"నా కోపం గూడ నువ్వే పడుతున్నవ్ గద చెల్లె, నాకేం మిగిల్చినవ్?" అని నవ్వింది. తార్నాక చౌరస్తా దాటాక మొహం అటు తిప్పుకుంది. ఇల్లు చేరేదాకా ఇటు తిప్పలేదు.

కొన్నాళ్ళకు ఆ కార్యక్రమం కార్యదర్శి ఇంటికొచ్చారు. ఆ ఖాళీలు పూడ్చేసి, అక్కడక్కడ నాలుగు స్వరాలు జల్లితే చాలునట. ఈసారి పెద్ద సభలో పెడతామని, రేడియోవాళ్ళు కూడా వస్తారని ఆశపెట్టారు. బతుకంతా నలుగురి ముందు వాయించాలని ఎదురుచూసిన మనిషి ఆవిడ. చాయ్ ఇచ్చి, నిదానంగా చెప్పింది. "నేను పూడ్చ సార్. గది నా జాగ గాదు, వాళ్లది. ఒకల జాగల నేనెట్ల ఇల్లు కట్టుకుంట?"

మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఊళ్ళో మీవాళ్ళు, మావాళ్ళు అని గొడవలు మొదలై, సాయంత్రాలు ఎవరూ గడప దాటని రోజుల్లో కూడా మా గోడ పాట మాత్రం ఆగలేదు. "తెలంగాణ పాటకు కర్నూలు జవాబు" అని ఆవిడ మురిసిపోయేది. తర్వాత ఆవిడ చేతులు వాచాయి. వేళ్ళు సరిగ్గా వంగడం మానేశాయి. చివరికి ఆస్పత్రిలో చేరాక దుప్పటి మీదే వేళ్ళు కదిపేది. అవి ఆగినప్పుడు నేను అనేదాన్ని. పక్క మంచాలవాళ్ళు వింతగా చూసేవాళ్ళు, చూడనీ. అక్కడే అంది ఒకరోజు, "ఒక్క గొంతైతె వరుస గాదు చెల్లె. ఇంకొకలన్న అనంగ ఇనాలని ఉండె" అని. ఆ ఇంకొకరిని ఎక్కణ్ణుంచి తేను?

మొన్న అదే హాల్లో సంతాప సభ పెట్టారు. ఆనాడు పాపం అన్నవాళ్ళంతా వేదిక మీద ఉన్నారు. స్టేజీ మీద తడబడినా ధైర్యంగా పూర్తి చేసిన మహిళ అని ఒకాయన పొగిడారు. ఆ రచన గొప్పతనం తామప్పుడే కనిపెట్టామని ఇంకొకాయన. తర్వాత ఆవిడ దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి "నాట్లు" వాయించింది. మొదటి చరణం చివర నేను నోరు తెరిచాను. జాగా లేదు. గలగలమని స్వరాలు పోసి పూడ్చేశారు. ప్రతి ఖాళీ అంతే. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆ పాటకు వాళ్ళు మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టడం అదే మొదలు.

నేను లేచి నిలబడ్డాను. "ఇది ఆవిడ పాట కాదు. ఆవిడ వదిలిన జాగా మీరు కబ్జా చేశారు" అన్నాను. అధ్యక్షులవారు "పాపం, దుఃఖంలో ఉన్నారు. కూర్చోండమ్మా" అన్నారు. వాయించిన అమ్మాయి తల వంచుకుని, "పెద్దవాళ్ళు ఇలాగే వాయించమన్నారండీ" అంది. ఆ పిల్లనేమనగలను? బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి ఇంటావిడ టీచరమ్మ పోర్షను తలుపు తీసి ఊడుస్తోంది.

"ఎట్లయింది బిడ్డా సభ?"

"బ్రహ్మాండంగా అయింది. పాట కూడా వాయించారు పెద్దమ్మా. మధ్యలో ఖాళీలు పూడ్చేశారు."

చీపురు ఆగింది. "పూడ్చుడేంది? మరి నేను యాడ అనాలె?"

నాకు అర్థం కాలేదు. "నువ్వేమంటావు?"

"ఏమంట? ఉయ్యాలో అంట. నువ్వు గోడకాడ అంటుంటె నేను దొడ్ల అనకుంటుంటనా? దినాం అన్న. గిన్నెల సప్పుడుల మీకినబడలేదు."

"మరి ఒక్కరోజైనా ఆవిడకు చెప్పొద్దా పెద్దమ్మా!" అని అరిచాను. సభలో పెద్దమనుషుల మీద కూడా అంత గట్టిగా అరవలేదు.

"చెప్పుడేంది బిడ్డా? పాట అందుకునుడు ఎవలన్న చెప్పి చేస్తరా?"

ఈ మాట నేనింతకుముందే విన్నాను, పట్టుచీర మడత విప్పుతున్న ఆవిడ నోటి నుంచి. వెళ్ళి పియానో స్టూలు మీద కూర్చున్నాను. కింద బేసిన్‌లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. టీచరమ్మ ఆస్పత్రికి వెళ్ళినప్పట్నుంచి వాటిని ఎవరు పోస్తున్నారో అడగాల్సిన పని లేకపోయింది.

"ఒక్కపారి కొట్టు బిడ్డా" అంది ఇంటావిడ.

"నాకు రాదు పెద్దమ్మా."

"ఒక్క ఏలుతోనే కొట్టు."

ఎడమవైపు మెట్ల మీద ఒక్క వేలితో, తప్పులతో, మొదటి చరణం నొక్కాను. వేలు పైకి తీశాను. ఇంటావిడ చీపురు పట్టుకునే "ఉయ్యాలో" అంది, వీధికి వినిపించేలా. బేసిన్‌లో నీళ్ళు ఇంకా వణుకుతున్నాయి.