తలకిందులైన జీపులో భారతి మేడమ్

వెల్డింగు చేసిన ఇనుము చల్లారేటప్పుడు సన్నగా చప్పుడు చేస్తుంది. మొన్న విజయనగరంలోని మా షెడ్డులో అందరూ భోజనాలకు బయటికి వెళ్లాక ఆ చప్పుడు వినబడింది. క్యారియర్ మూత తీయబోతున్న చెయ్యి ఆగిపోయింది. అది ఎందుకు వస్తుందో నాకు బాగా తెలుసు. జీపుల మీద ఇనుప పంజరాలు కట్టడమే నా బతుకుతెరువు. అయినా, భారతి మేడమ్ పక్కన లేకుండా ఆ చప్పుడు వినడం నాకు ఇంకా అలవాటు కాలేదు.

ఆవిడది శృంగవరపుకోట దగ్గర వరి పండించే కుటుంబం. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఉద్యోగం మానేసి, అరకు వెళ్లే రోడ్డు పక్కన మూతబడిన రైసుమిల్లు ఒకటి అద్దెకు తీసుకుని, కొండలెక్కే జీపులకు కేజ్‌లు కట్టడం మొదలుపెట్టారు. డిప్లొమా అవగానే నేను అక్కడ చేరాను. బండి తిరగబడినా పైకప్పు లోపలివాళ్ల మీద కూలకుండా కాసేది కేజ్. మామూలుగా దాన్ని బండి లోపల కడతారు. మేము బయట కట్టేవాళ్లం. కొండ మీది ఊళ్ల నుంచి కాన్పుకు వచ్చే ఆడవాళ్లను ఆసుపత్రికి దించడానికి ఒక సేవాసంస్థ మా చేత జీపులు తయారు చేయించుకునేది. స్ట్రెచర్ పట్టాలంటే లోపల ఒక్క పైపు కూడా అడ్డుండకూడదు. అందుకని పైపులన్నీ బండి ఒంటి మీదుగా, బయటి నుంచి చుట్టుకొచ్చేవి.

"పైపు కాలు రేకు మీద ఆనకూడదే. రేకు కాయితంతో సమానం. బాడీ దాటుకుని కిందకి దిగిపోయి చాసిస్‌ని పట్టుకోవాల," అన్నారు మొదటి రోజే. ఒక పైపు మీద పడిన బరువు ఇంకో పైపులోకి, అక్కడి నుంచి బండి అడుగునుండే ఉక్కు చట్రం చాసిస్‌లోకి దిగడానికి దారి ఉండాలి. పైపులన్నీ ఒకచోట కలిస్తేనే ఆ దారి తెగదు. ఏ పైపయినా ఆ కూడలికి ఇవతలే ఆగిపోయిందంటే బండి పల్టీ కొట్టినప్పుడు వంగేది అక్కడే. ఇవన్నీ ఆవిడ పాఠం చెప్పినట్టు చెప్పేవారు కాదు. నా చెయ్యి పట్టుకుని పైపు వెంట నడిపించేవారు, గుడ్డివాళ్లకు దారి చూపించినట్టు.

కేజ్ పూర్తయిన రోజు మాత్రం ఆవిడ వేరే మనిషైపోయేవారు. ఇంజను, బ్యాటరీ తీసేసిన జీపును చైన్ పుల్లీతో ఎత్తించి, తలకిందులు చేసి, దాని బరువంతా కేజ్ మీద పడేటట్టు నేల మీదికి దింపించేవారు. తర్వాత కిటికీలోంచి లోపలికి దూరి, సీటు బెల్టు పెట్టుకుని తలకిందులుగా వేలాడేవారు. అది ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే. వెల్డర్ అప్పన్నతో సహా అందరం బయటికి వెళ్లిపోవాలి. రేకుల మీద ఎండ పేలుతుండేది. లోపలి నుంచి ఉండుండి ఆవిడ మాటలు వినబడేవి. ఎవరితోనో నెమ్మదిగా, బుజ్జగిస్తున్నట్టు మాట్లాడేవారు. నేను అప్పన్న వైపు చూస్తే అతను బీడీ వెలిగించుకుని తల తిప్పేసుకునేవాడు.

ఒకరోజు ఆవిడ బయటికి వచ్చి, "నువ్వెళ్లి కూకో," అన్నారు నాతో. ఎందుకని అడగకుండా లోపలికి దూరి బెల్టు పెట్టుకున్నాను. రక్తమంతా మొహంలోకి దిగింది. జుట్టు కిందికి వేలాడుతోంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎడమ చెవి వెనక, తలుపు కమ్మీ దగ్గర, ఇనుము కిర్రుమంది. ఆ వెంటనే అదే చోటు నుంచి, ఊపిరి తగిలేంత దగ్గర నుంచి, ఒక కుర్రాడి గొంతు "అక్కా" అంది. నాకు తమ్ముళ్లు లేరు. షెడ్డులో నన్ను అలా పిలిచేవాళ్లూ లేరు.

బెల్టు ఎలా విప్పుకున్నానో తెలియదు. బయట పడేసరికి మోచేయి గీరుకుపోయి ఉంది. మేడమ్ నా భుజాలు పట్టుకుని నిలబెట్టారు.

"ఏటి ఇన్నావు?"

చెప్పాను. ఆవిడ మొహం ఒక్కసారిగా విప్పారింది. తనకొక్కదానికే వినబడుతోందన్న దిగులు తీరినట్టుంది.

"ఎటేపు?"

"ఎడమ వైపు. తలుపు వెనక కమ్మీ."

అప్పన్న చేత ఆ అతుకు కోయించారు. పైకి నున్నగా ఉన్న వెల్డింగు లోపల వెంట్రుకంత చీలిక.

"బయపడకు. ఆడు మా తమ్ముడు గోపి. ఏటీ సెయ్యడు. ఎక్కడ బలం నేదో సెప్తాడు, అంతే," అన్నారు.

ఆ సాయంత్రం టీ తాగుతూ మిగతాది చెప్పారు. గోపి కొండ సంతలకు జనాన్ని తీసుకెళ్లే జీపు నడిపేవాడు. వాడి బండికి కేజ్ కట్టింది ఆవిడే. మొట్టమొదటి కేజ్ అది. పైపు కాళ్లను నేలరేకుకే అతికారు. ఘాటు రోడ్డు మలుపులో మంచుకు దారి కనబడక బండి లోయలోకి దొర్లింది. పైపులు వంగలేదు, రేకును పొడుచుకుని దిగిపోయాయి. పైకప్పు వాడి మీదికి వచ్చేసింది. "ఆ ఊరోళ్లు కబురెట్టి, నాను ఎల్లేతలికి ఇంకా పేణం ఉన్నాది. అక్కా, అక్కా అంటన్నాడు," అన్నారు గ్లాసులోకి చూస్తూ. కాలేజీ ఎందుకు మానేశారో నాకు అప్పుడు అర్థమైంది.

చీలిక సరిచేసిన ఆ జీపే మరుసటి వర్షాకాలంలో కొండ మీద తిరగబడింది. బురదలో చక్రం జారి, పల్టీలు కొట్టుకుంటూ వాగు ఒడ్డుకు చేరింది. లోపల నిండు గర్భిణి ఉంది. డ్రైవర్ సింహాద్రి ఆ జీపును లారీ మీద వేసుకుని మా దగ్గరికి తెచ్చాడు. పైపులు గీరుకుపోయి, బురద పట్టి ఉన్నాయి. ఒక్కటీ వంగలేదు.

"ఆవిడికీ, కడుపులో బిడ్డకీ ఏటీ అవనేదు మేడమ్," అన్నాడు. "బండాగినాక ఒక్క పైపు కిర్రుమన్నేదు. నా గుండె సప్పుడు తప్ప మరేటీ ఇనబడ్నేదు."

మేమందరం సంబరపడ్డాం. మేడమ్ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే జీపును తలకిందులు చేయించి లోపల కూర్చున్నారు. ఎండ వాలిపోతున్నా బయటికి రాలేదు. భయమేసి వెళ్లి చూస్తే, మొహం కందిపోయి, కళ్లు తెరుచుకుని వేలాడుతున్నారు.

"ఆడు మాటాడ్డం నేదే," అన్నారు. "ఎంత పిలిసినా పలకడం నేదు."

తర్వాతి జీపు పని చూస్తుండగా నా చెయ్యి ఒకచోట ఆగింది. పక్కవాటున ఏటవాలుగా దిగే పైపు కూడలికి చేరలేదు. జానెడు ఇవతల, వెనక ఏ ఆసరా లేని చోట అతికి ఉంది. అప్పన్నను పిలిచాను.

"మేడమే అక్కడెట్టమన్నారమ్మా. నానడిగినాను కూడాను," అన్నాడు నేల చూస్తూ.

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లి అడిగాను. ఆవిడ పెన్సిల్ పక్కన పెట్టారు.

"ఆడి గొంతు ఒక్కపాలి ఇందామనుకున్నానే. ఇన్నాక సరిసేసేద్దును."

"విన్నాక మీకు సరిచేయబుద్ధి కాకపోతే, మేడమ్?"

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్లలో ఉంది. కోపం కాదు. నిద్రలో నడుచుకుంటూ వెళ్లి బావి గట్టు మీద మెలకువ వచ్చిన మనిషి చూపు.

లేచి గ్రైండర్ అందుకున్నారు. అప్పన్న అడ్డొస్తే వద్దని, తానే ఆ అతుకు కోశారు. నిప్పురవ్వలు చీర కుచ్చిళ్ల మీద పడుతున్నా జరగలేదు. పైపు ఊడి నేల మీద పడినప్పుడు షెడ్డంతా మోగింది. మోత ఆగాక ఆవిడ చెవి ఒగ్గి నిలబడ్డారు. నేనూ విన్నాను. ఏమీ లేదు.

"ఇకమీదట నాను గీసిందేదీ నువ్వు సూడకుండా కట్టొద్దు. నాను సెప్పినా కట్టొద్దు," అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఏ జీపులోనూ తలకిందులుగా కూర్చోలేదు. మేం కట్టిన బండ్లు కొండల మీద తిరుగుతూనే ఉన్నాయి. రెండేళ్ల కిందట జబ్బుచేసి పోయారు. చివరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా జీపుల గురించే అడిగారు, గోపి పేరు మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. జీపులను తలకిందులు చేయను. జాకీలతో బరువు మోపి పరీక్షిస్తాను. కానీ కొన్ని మధ్యాహ్నాలు బల్ల ముందు కూర్చుని గీస్తూ ఉంటే, నా పెన్సిల్ కూడలికి కాస్త ఇవతలే ఆగిపోతుంది. చెయ్యి ముందుకు కదలనంటుంది. ఆ చోట ఎవరి గొంతు వినాలని ఉందో నాకు తెలుసు. కాగితాన్ని పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి వైపు జరుపుతాను.

"ఇది నువ్వు సూడమ్మా," అంటాను. "నాను గీసినానని వొదిలెయ్యకు."