ఇంటి మనిషి కుర్చీ

ఆ టీవీ పోటీకి నన్ను తీసుకున్నామని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక స్టీలు బిందె మీద పెళ్ళికూతురి పేరు వేస్తున్నాను. కాశిబుగ్గలో మా నాయన పెట్టిన స్టీలు సామాన్ల దుకాణం ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ గిన్నెలు కొన్నవాళ్ళు వాటి మీద పేర్లు వేయించుకుంటారు. కరెంటు సూదితో చేసే ఆ పనిలో చెయ్యి కదిలితే అక్షరం వంకరపోతుంది, వంకరపోయిన అక్షరాన్ని ఇక ఎవరూ బాగుచెయ్యలేరు. అందుకని "ఐదు నిమిషాలాగి చెయ్యండి" అని ఫోన్ పెట్టేశాను. టీవీ వాళ్ళనే ఆగమన్నానని పక్క దుకాణం అక్క ఆ రోజంతా నన్ను ఆట పట్టించింది.

ఆ అక్కది బ్లౌజులు కుట్టే దుకాణం. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఆదివారం చర్చికి పోయి వచ్చేదాకా షటర్ తియ్యదు, మిగతా ఆరు రోజులూ నాకంటే ముందే తీస్తుంది. పదకొండింటికి ఒక చాయ్ తెప్పించుకుని ఇద్దరం సగం సగం తాగుతాం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస.

పోటీ సంగతి చెప్పాలి. తెర మీద తొమ్మిది అక్షరాలు చిందరవందరగా వేస్తారు. అరనిమిషంలో వాటితో వీలైనంత పెద్ద మాట కూర్చాలి. తర్వాత ఆరు అంకెలిచ్చి, కూడికలూ తీసివేతలూ హెచ్చవేతలూ చేసి వాళ్ళు చెప్పిన సంఖ్య తెప్పించమంటారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆడతారు. నేను ఇంట్లో అన్నం తింటూ ఆ పోటీ చూసేదాన్ని. వాళ్ళకంటే ముందే జవాబు చెప్పేదాన్ని, వాళ్ళు తప్పు చెబితే నోరారా తిట్టేదాన్ని. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఇంట్లో తిట్టడానికి ఇంకెవరున్నారు గనక.

నా గురించి నేనే చెప్పుకోవాలంటే, ఒంటికాయ శొంఠికొమ్మును. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను, ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా మానేశారు. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. ఎక్కువ బేరమాడితే "పక్క దుకాణంలో చూసుకోండి" అంటాను, పక్కన దొరికేది బ్లౌజులేనని తెలిసి కూడా. నలుగురిలో కలవడం నాకు చేతకాదు. చేతకాదని ఒప్పుకోవడం ఇష్టంలేక, నాకే అక్కర్లేదని చెబుతూ వచ్చాను. అది చాలా ఏళ్ళు నడిచింది.

రెండోసారి ఫోన్ చేసిన అమ్మాయి వివరాలన్నీ చెప్పింది. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా హైదరాబాద్‌లో స్టూడియోకు రావాలి. ముదురు రంగు చీర కట్టుకోవాలి, గళ్ళచీర వద్దు. "ఇంకొకటి మేడమ్, మీ ఇంటి మనిషిని ఒకరిని తీసుకురండి" అంది.

ఆ పోటీలో అదొక ఆనవాయితీ. ఆడేవాళ్ళ వెనక ఒక కుర్చీ వేసి వాళ్ళ ఇంటి మనిషిని కూర్చోబెడతారు. భర్తో, కూతురో, తమ్ముడో. ఆటలో ఎక్కడైనా చిక్కుపడితే ఒక్కసారి ఆ మనిషి సాయం అడగవచ్చు. చూసినన్నాళ్ళూ నేను ఆ కుర్చీని పట్టించుకోనే లేదు. ఫోన్ పెట్టాక మాటల భయం పోయింది, అంకెల భయం పోయింది, కుర్చీ భయం పట్టుకుంది. ఓడిపోతే ఓడిపోతాను, దానికేం. ఈమెకు ఎవరూ లేరని ఊరంతా టీవీలో చూడటం మాత్రం నాకు వద్దు.

ముందు నిజామాబాద్‌లో ఉన్న మా వదినకు ఫోన్ చేశాను. "పిల్లల పరీక్షలున్నయి గదా, ఎట్ల వస్త" అంది. అన్నను పంపమంటే అన్నకు లీవు దొరకదంది. నేను ఒకసారి అడుగుతాను, రెండోసారి బతిమాలను. తర్వాత వర్ధన్నపేటలో ఉండే నా స్నేహితురాలికి చేశాను. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. "వస్తనే, నేను రాకపోతే ఎవరొస్తరు" అని, ఏ చీర కట్టుకోవాలో కూడా అడిగింది. మూడు రోజులు నా ప్రాణం హాయిగా ఉంది. మంగళవారం సాయంత్రం తనే ఫోన్ చేసింది. వాళ్ళ అత్త స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట.

"దవాఖానల ఉన్నమే. ఏమనుకోకు" అంది.

"నా ఫికర్ చెయ్యకు. ముందు ముసలామెను చూసుకో" అన్నాను. ఫోన్ పెట్టాక నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ముసలామె కోసం కాదు.

మర్నాడు చాయ్ తాగుతుంటే పక్క దుకాణం అక్క అడిగింది.

"రేపేనా పోయేది?"

"రేపేనక్కా."

"తోడు ఎవలొస్తాండ్లు?"

"ఎవరో ఒకరొస్తరు తియ్యి" అన్నాను, గ్లాసు కింద పెడుతూ. ఆ గొంతుతో నేను ఏదైనా చెప్పానంటే ఇక మాట్లాడవద్దని అర్థం. ఆ సంగతి ఆమెకు తెలుసు. మళ్ళీ అడగలేదు.

గురువారం తెల్లవారుజామున ఒక్కదాన్నే బస్సెక్కాను. పక్క సీటులో నా బ్యాగు కూర్చుంది.

స్టూడియోలో ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పేర్లు రాసుకునే మేడమ్ నా వెనక చూసి, "మీ ఇంట్లోవాళ్ళు ఇంకా రాలేదా?" అంది. రారని చెప్పాను. కుర్చీ ఖాళీగా ఉంచమని కూడా చెప్పాను, కాస్త గట్టిగానే. "అలా బాగోదండీ. కెమెరా అటు తిరిగినప్పుడల్లా ఖాళీ కుర్చీ కనిపిస్తుంది" అని, ఒకామెను పిలుచుకొచ్చింది. ప్రేక్షకుల్లో కూర్చుని చప్పట్లు కొట్టడానికి రోజుకూలి మీద వచ్చే మనిషి. చిలకాకుపచ్చ చీర, ముఖాన పెద్ద బొట్టు. "ఈమె మీ అక్క. సరేనా?" అంది మేడమ్. సరేనన్నాను. అంతసేపు బింకంగా నిలబడ్డదాన్ని, ఎవరో ఒకరు దొరికారనగానే మెత్తబడిపోయాను.

ఆమె పని ఆమె బాగా చేసింది. నా కుచ్చిళ్ళు సరిచేసింది. లైట్ల కింద చెమట పడితే కాగితం రుమాలుతో నా నుదురు అద్దింది. "భయపడకండి, మంచిగ ఆడతరు" అంది. అమ్మ పోయాక నా మొహం ఎవరూ తుడవలేదు. అది ఆమెకు ఇచ్చిన పని అని తెలుసు. తెలిసి కూడా ఇంకొంచెం సేపు తుడిస్తే బాగుండుననిపించింది. ఆట మొదలుపెడుతూ, నడిపించేవాడు నవ్వుతూ కుర్చీ వైపు చెయ్యి చూపి "మీ అక్కగారా?" అన్నాడు. "అవునండీ, మా అక్క" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

నా ఎదుట ఆడింది ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి. ఆయన వెనక ఆయన భార్య కూర్చుంది, చేతిలో ఆయన కళ్ళజోడు పెట్టె పట్టుకుని. అంకెల్లో ఆయన నాకు ఆనలేదు. డెబ్భై ఐదు, తొమ్మిది, ఆరు, నాలుగు, మూడు, రెండు ఇచ్చి నాలుగువందల అరవై ఏడు తెమ్మన్నారు. డెబ్భై ఐదును ఆరుతో హెచ్చవేసి, తొమ్మిది కలిపి, నాలుగు రెళ్ళ ఎనిమిది కలిపాను. మూడు మిగిలిపోయింది. ఆయన ఇంకా కాగితం మీద గీతలు గీస్తూనే ఉన్నాడు. చివరి మాట వచ్చేసరికి నేను నాలుగు పాయింట్లు ముందున్నాను.

చివరి అక్షరాలు గం, ర, పొ, తి, టి, న్న, మా, కూ, లు. అక్షరానికో పాయింటు, పెద్ద మాట చెప్పినవాళ్ళకే పాయింట్లు. నాకు 'కూరలు' తప్ప ఏమీ కనిపించలేదు. మూడే అక్షరాలు. "మీ అక్కగారి సాయం అడుగుతారా?" అన్నాడు నడిపించేవాడు. అడిగాను. ఆమె మైకు తీసుకుని, నన్ను ప్రేమగా చూసి, "మా చెల్లె తెలివిగలది. తనే చెప్తది" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు అంతవరకే నేర్పారు. ఆమెను ఏమనగలను.

బ్యాంకాయన కూడా వెనక్కి తిరిగి భార్యను అడిగాడు. ఆవిడ క్షణం ఆలోచించలేదు. "పొన్నగంటికూర" అంది, ఇంట్లో ఏం వండమంటారంటే చెప్పినట్టు. ఆరు అక్షరాలు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాను. ఒకప్పుడు ఆ కూర మా ఇంట్లో వారానికి రెండుసార్లు వండేవాళ్ళం. ఒక్కదానికి కట్టంతా ఎక్కువని ఆకుకూరలు కొనడమే మానేశాను. ఓడినవాళ్ళకిచ్చే బహుమతి వంటసామాన్ల సెట్టు. స్టీలు దుకాణం నడిపేదానికి గిన్నెలిచ్చి పంపారు.

బ్యాగు తీసుకోవడానికి వెనక్కి వెళ్ళేసరికి తర్వాతి ఆట మొదలైంది. నాకు అక్కగా కూర్చున్నామె ఇప్పుడు వంగపండు రంగు చీర కట్టుకుని ఇంకొకరికి పిన్ని అయి కూర్చుంది. చెయ్యి ఊపాను. ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు నవ్వి, మళ్ళీ చప్పట్లు కొట్టడంలో పడింది.

నెలరోజులకు, ఒక ఆదివారం, ఆ ఆట టీవీలో వచ్చింది. అప్పటిగ్గానీ నేను చేసిన తెలివితక్కువ పని నాకు అర్థం కాలేదు. హైదరాబాద్‌లో ఎవరిని అక్క అన్నా చెల్లుతుంది. కాశిబుగ్గలో మా తాత కాలం నుంచి ఎవరి ఇంట్లో ఎందరు పుట్టారో అందరికీ తెలుసు. మా అమ్మకు ఇద్దరమే పిల్లలం, ఒక కొడుకు, ఒక బిడ్డ. రాత్రంతా కూర్చుని ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. పెద్దమ్మ బిడ్డ, కరీంనగర్‌లో ఉంటుంది, రాకపోకలు తక్కువ.

సోమవారం అందరూ వచ్చారు. కిరాణా సేటు వచ్చాడు, మిఠాయి దుకాణం ఆయన పావుకిలో లడ్డూలు పట్టుకుని వచ్చాడు. మంచిగ ఆడినవన్నారు, అంకెల్లో ఆయనను ఆడుకున్నవన్నారు, చీర బాగుందన్నారు. అక్క గురించి ఒక్కరూ అడగలేదు. లడ్డూలిచ్చేటప్పుడు మిఠాయి ఆయన నా మొహం చూడకుండా గిన్నెలు చూశాడు. అందరికీ తెలిసిపోయిందనీ, నా పరువు కాపాడుతున్నారనీ అప్పుడు అర్థమైంది. నా అబద్ధం నా నోట్లోనే ఉండిపోయింది. ఎవరైనా అడిగి, నవ్వి, వెక్కిరించినా ఇంత బాధ ఉండేది కాదు.

పదకొండింటికి పక్క దుకాణంలోకి వెళ్ళాను. అక్క ఒక బ్లౌజుకు హుక్సులు కుడుతోంది.

"చూసిన. ఆ లెక్క ఎట్ల చేసినవే, నాకు చూస్తుంటెనే తల తిరిగింది" అంది. ఇంకో హుక్కు కుట్టి, "ఒకటి అడుగుత, ఏమనుకోవు గద" అంది.

"ఆమె మా పెద్దమ్మ బిడ్డక్కా. కరీంనగర్‌ల..."

"ఆమె సంగతి నాకెందుకు. నన్నెందుకు అడగలే?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అక్క దారం కొరికి, సూది బ్లౌజుకు గుచ్చి పక్కన పెట్టింది.

"మీ వదినెకు ఫోన్ జేసింది విన్న. వర్ధన్నపేటామె రానన్నది విన్న. మన నడుమ ఉన్నది గీ ప్లైవుడ్ చెక్కేనాయె. ఇగ నన్నే అడుగుతదనుకున్న. తోడెవలని నోరు తెరిచి అడిగితిని కూడ. గురువారానికి ఎవ్వల బ్లౌజులు ఒప్పుకోలే. పొద్దుగాల లేచి తానం జేసి, చీర గట్టుకొని కూసున్న. ఏడు గంటలైనా నువ్వు ఫోన్ చెయ్యకపోతివి. అప్పుడు తెల్సింది, పోయినవని."

"ఇంటి మనిషిని తెమ్మన్నరక్కా" అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

అక్కకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "సంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టు జేసినవ్" అంది మెల్లగా, ఒలికిపోయిన చాయ్ గురించి చెప్పినంత మామూలుగా. నాకు సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను. ఎవరికీ అక్కర్లేనిదాన్నని ఇన్నేళ్ళు నేను అనుకుంటుంటే, ఆమె చీర కట్టుకుని కూర్చుంది.

"మళ్ళ పిలుస్తరా వాళ్ళు?" అంది అక్క.

"పిలువరక్కా. ఒక్కసారి ఆడినోళ్ళను మళ్ళ తీసుకోరట."

"గట్లనా" అంది. హుక్సుల డబ్బా దగ్గరికి లాక్కుని, మళ్ళీ సూది చేతిలోకి తీసుకుంది.