చచ్చిపోయిన అక్క పేరు ఎవరూ ఎత్తలేదు

2022 వేసవి. నరసరావుపేటలో మా ఇంటి వెనక గదే నా ఆఫీసు. పిడుగురాళ్ల వైపు పోయే లారీల హారన్లు వినపడకుండా కిటికీలు బిగించుకుని, ఉక్కపోతలో జపాన్ యానిమే బొమ్మల సిరీస్‌లకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తుంటాను. అప్పటికి ఆరేళ్లుగా ఎవరెవరి పేరు మీదో ముక్కలు ముక్కలుగా రాశాను. మొదటిసారి ఒక సిరీస్ మొత్తం, పన్నెండు ఎపిసోడ్లూ నాకే ఇచ్చారు. చివర్లో ‘తెలుగు మాటలు’ అని నా పేరు పడుతుందన్నారు. ఆ పేరు కోసం ఎంత ఆశపడ్డానో దాచుకోవాల్సిన పని లేదు.

బొమ్మ మాత్రం అద్భుతం. వాన సీన్ వస్తే మన తెరే తడిసిందేమో అనిపించేది. కథలో ఒక ఊరు, దాని పైన పెద్ద చెరువు, ఇద్దరు అక్కాచెల్లెళ్లు. ఆరో ఎపిసోడ్‌లో వరద ముంచుకొస్తే అక్క తూములోకి దిగి, తలుపు మూసి, ఊరిని కాపాడి తను చనిపోతుంది. ఆ సీన్ చూసి పని ఆపేసి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని ఏడో ఎపిసోడ్ కూడా రాసేశాను.

ఈ పనిలో అనువాదం సగమే. బొమ్మ నోరు ఎంతసేపు కదిలితే మన మాట అంతసేపే ఉండాలి. దాన్ని లిప్ సింక్ అంటారు. పాత్ర వీపు మాత్రమే కనపడే బ్యాక్ షాట్‌లో నోరు కనపడదు కాబట్టి అక్కడ మాకు కాస్త వెసులుబాటు. రాసింది పంపేముందు పక్కింటి మస్తాన్‌బీ అక్కకు చదివి వినిపించడం నా అలవాటు. ఆమె జాకెట్లు కుడుతుంది. చూపంతా సూది మీదే కాబట్టి బొమ్మ జోలికి పోదు, మాటలే వింటుంది.

ఏడో ఎపిసోడ్ చదవడం అయ్యాక మిషన్ ఆపింది.

“ఏమే, ఆ తూములో పోయిన పిల్ల సంగతేంది?”

“చనిపోయింది గదక్కా.”

“అది నాకూ తెలుసులేవే. సొంత చెల్లెలు ఒక్కసారన్నా అక్కా అనుకోలేదేంది? ఊరంతా పండగ చేసుకుంటన్నారు. ఇదేం కతే?”

చెంప చెళ్లుమన్నట్టయింది. మిగతా ఐదు ఎపిసోడ్లూ పెట్టి వెతికాను. కొత్త విలన్, కొత్త కత్తి, ఇంకా గొప్ప వాన. అక్క పేరు ఒక్కసారి కూడా లేదు. ఏడ్చినదాన్నీ నేనే, పట్టించుకోనిదాన్నీ నేనే. బొమ్మకు కళ్లప్పగించి కూర్చున్నాను. కథ రాసినవాళ్లు మనల్ని ఏడిపించడానికి ఆ పిల్లను వాడుకుని వదిలేశారు.

ఏడో ఎపిసోడ్‌లో చెల్లెలు చెరువు ఒడ్డున అటు తిరిగి నిలబడే బ్యాక్ షాట్ ఒకటుంది. అక్కడ ఒక్క మాట పెట్టాను: “అక్కా, నీళ్లు తగ్గాయి.” అంతే.

రెండు రోజులకు స్టూడియో కోఆర్డినేటర్ కిరణ్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు.

“మేడం, ఒరిజినల్‌లో లేని లైన్ పెట్టారు. తీసేయండి.”

“మొదటి ఎపిసోడ్‌లో విలన్‌కు పంచ్ డైలాగులు పెట్టమన్నది మీరే కదండీ? అవి ఒరిజినల్‌లో ఉన్నాయా?”

“అది జనం కోసం మేడం. అయినా విజువల్స్ ఎట్లున్నాయో చూశారు కదా, ఇంక కథ ఎవరు పట్టించుకుంటారు?”

“మా పక్కింటామె పట్టించుకుంది.”

అతను నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. లేని మాట చేర్చడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ వెకిలి మాట చేర్చొచ్చు, ఏడుపు మాట చేర్చకూడదంటే అదెక్కడి న్యాయం? తీస్తే అన్నీ తీయండి, లేదంటే ఇదీ ఉంచండి అని మెయిల్ పెట్టాను. కథలో ఎక్కడెక్కడ ఏం తెగిపోయిందో ఒక పేజీ రాసి దానికి జతచేశాను. నన్నెవరూ అడగలేదు. అయినా పంపాను.

వారం తర్వాత నా లైన్ తీసేశారు, పంచ్‌లు ఉంచారు. కిరణ్ మళ్లీ ఫోన్ చేశాడు. మనిషి చెడ్డవాడేం కాదు.

“మీరు బాగా రాస్తారు మేడం. ఆ గొడవ వదిలేసి మిగతా ఐదూ రాసివ్వండి. మీ పేరు వేయించే పూచీ నాది. లేకపోతే పైవాళ్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తామంటున్నారు.”

ఆరేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను.

“ఊరి కోసం చచ్చిపోయిన పిల్ల పేరే ఎవరూ ఎత్తని కథండీ అది. దాని కింద నా పేరెందుకు? వద్దు.”

మిగతావి ఇంకెవరో రాశారు, వాళ్ల పేరే పడింది. బాధ లేదంటే అబద్ధం. తప్పు చేశానంటే మాత్రం ఒప్పుకోను. ఇప్పుడు ఏ సిరీస్ వచ్చినా ముందు తెర ఆపేసి మాటలు మాత్రమే వింటాను. కథ ఎక్కడ నిలబడలేదో రాసి, పని ఒప్పుకోకముందే పంపుతాను. అది చదివాక కొందరు మళ్లీ ఫోన్ చేయరు. చేయకపోతే మానేయనీ.