చేపపిల్లల కొసరు

రెండు రోజులుగా బందరులో మబ్బు. వాన పడిపోతే ఒక దారి. పడకుండా, మూత వేసినట్టు ఆకాశం కమ్ముకుని, ఆకు కదలకుండా ఉంటే మాత్రం నాకు ఇంట్లో కాలు నిలవదు. ఈ ఉదయం వరండాలోకీ లోపలికీ తిరుగుతుంటే మా ఆవిడ విసుక్కుంది. "చెరువా, చేపా మనకి? కాఫీ చల్లారిపోతోంది, కూర్చోండి." నిజమే, ఈనాడు నా పేరున బకెట్టెడు నీళ్లలో కూడా చేప లేదు. అయినా మబ్బు పట్టిందంటే గట్టు మీదికి పరుగెత్తాలనిపించే ఈ జబ్బు మా బావ చెరువు దగ్గర అంటుకున్నది, ఇంతకాలమైనా వదల్లేదు.

మాది గుడివాడలో కిరాణా కొట్టు. కొసరంటే ఏమిటో మన తరం వాళ్లకి చెప్పక్కర్లేదు కదా. పప్పు తూచాక పైన పడే గుప్పెడు, నూనె కొలిచాక జారే ధార. ఇచ్చేవాడికి మర్యాద, పుచ్చుకునేవాడికి విజయం. కొట్లో కొసరు వేసే ఇల్లు కాబట్టి బయటికెళ్తే కొసరు రాబట్టడం మా హక్కనుకునేవాళ్లం. డాక్టరుగారి దగ్గర జ్వరానికి సూది వేయించుకుని, పనిలో పనిగా మా తమ్ముడి గొంతు కూడా చూడండి అన్న ఘనుణ్ని నేను.

మా అక్కయ్యను గుడ్లవల్లేరు దగ్గర పల్లెలో రైతు కుటుంబానికి ఇచ్చారు. చుట్టుపక్కల వరిచేలన్నీ చేపల చెరువులవుతున్న రోజుల్లో బావ కూడా తన మడి తవ్వించాడు. వాళ్ల నాన్నగారికి అది బొత్తిగా ఇష్టం లేదు. మొదటి పంట చేతికి రాకపోతే చెరువు పూడ్చి మళ్లీ నాట్లు వేయాలని షరతు పెట్టి మరీ ఒప్పుకున్నారు. డిగ్రీ చదివి కొట్లో పొట్లాలు కట్టడం నామోషీ అనిపించి, నేను బావకి తోడుగా గట్టు మీద పాకలో చేరాను. పొట్లాలు తప్పించుకున్నానే గాని తవుడు బస్తాలు తప్పలేదు.

చేపపిల్లలు కొనడానికి వెళ్లేటప్పుడు, బేరం తెలియని అల్లుణ్ని పిల్లల వ్యాపారి ముంచేస్తాడని నాన్న కూడా బయల్దేరారు. అక్కడ చిల్లుల గిన్నెతో ముంచి కొలిచి పోస్తున్నారు. గిన్నెను చూడగానే మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆయన ఒక పక్క, నేనొక పక్క చేరి, కొలతకి కొసరు, కొసరుకి మళ్లీ కొసరు పిండుకున్నాం. బావ గొంతు తగ్గించి, "చాలేమోనండీ మావయ్యగారూ, చెరువు పట్టాలిగా" అన్నాడు. "భలేవారే అల్లుడుగారూ, వేలెడంత లేవు. ఏదో మూల సర్దుకుంటాయి" అన్నారు నాన్న. దారి పొడుగునా లారీలో మేమిద్దరం రాజ్యం గెలిచినట్టు నవ్వుకుంటూనే వచ్చాం.

నిజంగానే సర్దుకున్నాయి, చిన్నవిగా ఉన్నన్నాళ్లు. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు, గానుగ చెక్క నింపి నీళ్లలో గెడలకు కట్టేవాళ్లం. సాయంత్రానికి సంచులు ఖాళీ అయ్యేవి. వారానికోసారి వచ్చే నాన్న ఆ ఖాళీ సంచులు చూసి, పండగ ముందు రోజు కొట్లో సరుకు అయిపోయినంత సంబరపడేవారు.

శ్రావణంలో ముసురు పట్టింది. సూర్యుడు లేడు, గాలి లేదు. ఒక తెల్లవారుజామున గట్టెక్కి చూస్తే నీళ్లు కనిపించలేదు, నోళ్లు కనిపించాయి. చెరువు ఈ మూల నుంచి ఆ మూలదాకా చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ముందు రాత్రే వచ్చి పాకలో పడుకున్న నాన్న మా వెనకే గట్టెక్కి, "పాపం, ఎంత ఆకలి మీదున్నాయో" అంటూ తవుడు బస్తా లాగారు. వాకిట్లో నోరు తెరిచి నిలబడ్డవాడికి సరుకు కావాలన్న ఒక్క సంగతే మా వంశానికి తెలుసు. ఏనాడూ ఆయనకి ఎదురు చెప్పని బావ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది ఆకలి కాదు మావయ్యగారూ, ఎండ లేక నీళ్లలో గాలి తగ్గింది, ఊపిరాడటం లేదు. ఇప్పుడు తవుడు వేస్తే కుళ్లి, ఉన్న కాస్త గాలీ పోతుంది."

నాన్న బస్తా వదిలేసి, నీళ్ల వంకా నా వంకా చూశారు. కొసరు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

కాలవ నీళ్లు తోడటానికి మా ఇంజను ఒక్కటే చాల్లేదు. చెరువే వద్దన్న బావ వాళ్ల నాన్నగారు ఊళ్లోకి వెళ్లి, పక్క రైతుల ఇంజన్లు బండి మీద వేయించుకొచ్చారు. నీళ్లు పైకి చిమ్మి పడేలా గొట్టాలు ఎత్తి కట్టాం. మిగతా వాళ్లం చెరువులో దిగి అరటిబోదెలతో నీళ్లు బాదాం. నాన్న కూడా పంచె ఎగ్గట్టి దిగారు. పెద్ద బొచ్చె చేపలు ముందు వెల్లకిలా తిరిగాయి. మనిషి అలికిడికే పారిపోవాల్సిన చేప ఒకటి కదిలే ఓపిక లేక నా మోకాలికి ఆనుకుని ఆగిపోయింది. బాదితే దానికి తగులుతుందని, ఆపితే తక్కినవి పోతాయని, ఎటూ తోచక నిలబడ్డాను.

పొద్దెక్కాక మబ్బు విడి ఎండ పడింది. తేలిన చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అన్నీ దిగలేదు. గట్టు వారన తెల్లటి పొట్టలు బారు తీరాయి. ఐసు పెట్టెలతో దిగిన వ్యాపారి చచ్చిన చేపలకి ధర అడిగాడు. బావ వాళ్ల నాన్నగారే అమ్మేది లేదని చెప్పి పంపేశారు. తర్వాత కొడుకుతో అన్నారు: "చచ్చినవి పాతిపెట్టించు. బతికినవి కొన్ని పట్టించి తక్కినవాటికి చోటు చెయ్యి. పూడ్చే మాట ఇంక ఎత్తను."

మరుసటి ఏడు పిల్లల కోసం మళ్లీ ముగ్గురం వెళ్లాం. అలవాటుగా వ్యాపారి కొసరు గిన్నె ఎత్తితే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "సరుకు నచ్చలేదాండీ" అన్నాడతను కంగారుగా. "నచ్చింది, అందుకే వద్దంటున్నాను" అన్నారు.

నాన్నా లేరు, బావా లేడు. ఇటు పెడన దాకా అటు దివిసీమ దాకా ఎటు చూసినా చెరువులే. నీళ్లలో గాలి ఎంతుందో మీటరు చెబుతుంది, చాలకపోతే చక్రాలు తిరిగి గాలి కొడతాయి. మంచిదే, ఎన్ని ప్రాణాలు నిలుస్తున్నాయో. కాని గాలి చాలదన్న భయం తీరేసరికి చోటు చాలదన్న ఆలోచనా పోయింది. చక్రం మోయగలిగినన్ని చేపల్ని అదే నీళ్లలో కుక్కుతున్నారు. నీళ్లలో చేప ఇంకో చేపకి తగలకుండా తిరగగలుగుతోందా అని చూడటానికి మీటరు లేదు. అది గట్టు మీద ఊరికే నిలబడి చూస్తే తెలిసేది, అలా నిలబడే తీరిక ఇప్పుడెవరికీ లేదు.